కాకినాడలో విశ్రాంతి ఎవరికి?

కాకినాడకు 'పెన్షనర్ల స్వర్గం' అనే పేరు చాలకాలంగా ఉన్నది. గోదావరి మండలంలో ఉద్యోగం చేసిన తహసీల్దారు గాని, ప్రధానోపాధ్యాయుడు గాని, ఓవర్సీయరు గాని పదవీ విరమణ అనంతరం కాకినాడలో ఒక చిన్న ఇల్లు కట్టుకొని, ఉదయసాయంకాలాలు చేతికర్రతో వ్యాహ్యాళికి పోతూ శేషజీవితం గడపాలని కోరుకోవడం రెండు మూడు తరాలపాటు ఒక ఆచారంగా సాగినది. ఆ పేరు అట్లా స్థిరపడినది. అందమైన పేర్లలో ఒక చిక్కు ఉన్నది. అవి ప్రశ్నలను నిద్రపుచ్చుతవి. స్వర్గమని ఒకసారి అనుకొన్న తరువాత దానిని కట్టినది ఎవరని గాని, దాని వాకిలి ఎవరికి తెరిచి ఉన్నదని గాని ఎవరూ అడగరు. ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదికితే ఒక పట్టణపు చరిత్ర మాత్రమే గాక, వార్ధక్యాన్ని గురించి సమాజం ఆలోచించవలసినది ఏమిటో కూడ తెలిసివస్తుంది.

సాధారణంగా అందరూ చెప్పే కారణం సముద్రపు గాలి. కాని ఇచ్ఛాపురం మొదలు తడ వరకు సముద్రం ఉన్నది, గాలీ ఉన్నది. భీమునిపట్నానికి, మచిలీపట్నానికి లేని గాలి కాకినాడకు ఎక్కడినుండి వస్తుంది? వృద్ధుడు ఒక ఊరిని ఎన్నుకొనేటప్పుడు ప్రకృతి సౌందర్యం కంటె ముందుగా చూసే విషయాలు వేరే ఉన్నవి. నెలనెలా డబ్బు చేతికి వచ్చే చోటు దగ్గరగా ఉండాలి. జ్వరం తగిలితే చూసే డాక్టరు ఉండాలి. నేల ఎత్తుపల్లాలు లేక నడకకు అనుకూలంగా ఉండాలి. ఇంటి అద్దె, కూరగాయల ధర పరిమితమైన రాబడికి అందాలి. మాట్లాడడానికి తన ఈడువారు, చదవడానికి పత్రిక, వినడానికి నాలుగు కీర్తనలు ఉండాలి. ఇవన్నీ ఒక్కచోట కూడడం దైవికంగా జరిగేది కాదు. దాని వెనుక నూటయాభై ఏళ్ల పని ఉన్నది. ఆ పని చేసినవారిలో ఎక్కువమంది విశ్రాంతి అనే మాట ఎరుగనివారు.

పూర్వం ముసలితనానికి రెండు దారులే ఉండేవి. కన్న ఊళ్లో కొడుకుల పంచన ఉండి మనుమలను ఆడించుకోవడం ఒకటి, కాశీవాసం రెండవది. 'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం' అనే సామెత ఆ రెండవ దారి ఎంత దూరమో చెప్పకనే చెబుతుంది. వానప్రస్థాన్ని శాస్త్రాలు విధించినవి గాని ఆచరించినవారు అరుదు. రైతుకు, కుమ్మరికి, పల్లెకారుకు విరమణ అనే మాటకే అర్థం లేదు. చెయ్యి ఆడినంతకాలం పని, ఆడనప్పుడు మంచం. ఒక నిర్ణీతమైన వయస్సున పని మాని, ఆ తరువాత కూడ జీతంలో కొంత భాగం పుచ్చుకొంటూ, నచ్చిన ఊళ్లో బ్రతకవచ్చుననే ఊహ ఆంగ్లప్రభుత్వపు కచేరీలతో వచ్చినది. 1871 నాటి పెన్షను చట్టం వచ్చేనాటికే ఆ ఏర్పాటు ఈ దేశంలో వేళ్లూనుకొన్నది. ప్రభుత్వోద్యోగి 55 ఏళ్లకు విరమించేవాడు. అనగా వానప్రస్థానికి సర్కారు భత్యం ఇవ్వడం మొదలుపెట్టినదన్నమాట. భత్యం వచ్చిన తరువాత అడవికి బదులు పట్టణం కావలసివచ్చినది.

ఆ పట్టణం కాకినాడ ఎట్లా అయినదో తెలియాలంటే ముందుగా దాని పొరుగూరి సంగతి చెప్పుకోవాలి. ఒకప్పుడు ఈ ప్రాంతపు రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవారు. అక్కడినుండి ఓడలు బర్మాకు పోయేవి. బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం ప్రాకినదో ఊహించవచ్చు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. ఉప్పెనలకు మిగిలినదానిని గోదావరి తెచ్చిన ఒండ్రు పూడ్చివేసినది. వ్యాపారం ఉత్తరంగా జరిగి కాకినాడ చేరినది. ఇప్పుడు కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో అంతకు పూర్వమే డచ్చివారి వర్తకస్థానం ఉండేది. 1824 నాటి ఒప్పందంతో అది ఆంగ్లేయుల పరమైనది.

ఒక రేవును పూడ్చిన ఒండ్రే మరొక రేవుకు కాపు కాసినది. గోదావరి ముఖాన పేరుకొన్న ఇసుక సుమారు 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బగా సముద్రంలోకి సాగి హోప్ ఐలాండు అయినది. కాకినాడ అఖాతానికి అది సహజమైన అడ్డుగోడ. అలల ధాటి ఆ ద్వీపం మీదనే విరిగిపోవడం వలన కాకినాడ ముందరి నీరు నిలకడగా ఉంటుంది. ఓడలవారు ఆ నిలకడను చూసి లంగరు వేసినారు. తరువాత చాలకాలానికి వచ్చిన వృద్ధులు అదే నిలకడను చూసి ప్రశాంతత అన్నారు.

రేవు ఉంటే చాలదు. రేవుకు సరుకు రావాలి. ఆ సరుకును తెచ్చినది ధవళేశ్వరం ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమై 1852లో పూర్తి అయిన ఆ కట్టడం డెల్టాకు నీటిని ఇచ్చినది. దాని కాలువలు నీటితోపాటు పడవలను కూడ మోసినవి. డెల్టాలో పండిన ధాన్యం, నూనెగింజలు కాలువ పడవలలో కాకినాడకు చేరి, అక్కడినుండి ఓడలకెక్కినవి. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, ఇంగ్లండు మిల్లులకు అమెరికా ప్రత్తి అందనప్పుడు, కాకినాడ రేవునుండి ప్రత్తి ఎగుమతి విశేషంగా పెరిగినది. ఎక్కడో జరిగిన యుద్ధం ఇక్కడ ఒక పట్టణానికి ఊపిరి పోసినది. 1866లో మునిసిపాలిటీ ఏర్పడినది. సమతలమైన నేలమీద తిన్ననైన వీధులు ఒకదానికొకటి అడ్డంగా సాగినవి. నేటికిని కాకినాడను చూడవచ్చినవారు మొట్టమొదట మెచ్చుకొనేది ఆ తిన్నని వీధులనే. మట్టి మోసి కాలువ త్రవ్వినవారు, పడవకు తాడు కట్టి గట్టువెంట లాగినవారు, రేవులో బస్తా మోసినవారు—ఈ వీధుల అసలు పునాదులు వారివి.

వ్యాపారం ఇట్లాగే పెరిగి ఉంటే కాకినాడ మరొక మదరాసు కావచ్చునేమో గాని, పెన్షనర్ల పట్టణం అయ్యేది కాదు. దానిని ఆ దారినుండి తప్పించినది ఇనుపదారి. 1890లలో మదరాసునూ కలకత్తానూ కలిపే ప్రధానమార్గం వేసినప్పుడు అది కాకినాడకు రాక సామర్లకోట మీదుగా పోయినది. కాకినాడకు దక్కినది ఒక శాఖామార్గం. 1928లో కోటిపల్లి వరకు వేసిన మరొక శాఖను రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఊడదీసినారు. అది మరల 2004లో గాని పట్టాలెక్కలేదు. ఇంతలో 1933లో విశాఖపట్నంలో లోతైన రేవు ప్రారంభమైనది. ఒడ్డుకు దూరంగా లంగరు వేసి, పడవలలో సరుకు దింపించుకొనే కాకినాడ రేవు దానితో పోటీపడజాలక వెనుకబడినది. పెద్ద ఓడలు పెద్ద రేవుకు పోయినవి. పెద్ద వర్తకులలో కొందరు వాటివెంట పోయినారు.

ఈ వెనుకబాటే వృద్ధులకు వరమైనది. నాలుగు వేల జనానికి సరిపోయే ఊళ్లో నలభై వేలమంది ఇరుక్కొనే దుస్థితి కాకినాడకు పట్టలేదు. రైలు కేకలు దూరాన నిలిచిపోయినవి. స్థలాల ధరలు మితంగా ఉన్నవి. రేవుకొరకు వేసిన వెడల్పాటి బాటలు మిగిలినవి. వాటిమీద పరుగెత్తే బళ్లు తగ్గినవి. కాకినాడ ప్రశాంతతను మెచ్చుకొనేవారు ఒక విషయం మరచిపోరాదు. ఆ ప్రశాంతత కోసం కూలి పోగొట్టుకొన్నవారు ఉన్నారు. రేవులో ఓడ తగ్గిన ప్రతిసారి ఎక్కడో ఒక పాకలో పొయ్యి ఆరినది. ఒకరి విశ్రాంతికి కారణమైన నిశ్శబ్దమే మరొకరికి నిరుద్యోగం.

ఇక ప్రభుత్వం పాత్ర. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాకు జిల్లాజడ్జి రాజమహేంద్రవరంలోను, కలెక్టరు కాకినాడలోను ఉండేవారు. 1925లో తూర్పు గోదావరి జిల్లా ఏర్పడిన తరువాత కూడ కలెక్టరు కచేరీ కాకినాడలోనే ఉన్నది. వ్యాజ్యాలు అటు, రెవిన్యూ ఇటు. హుజూరు కచేరీ ఉన్నచోటనే ఖజానా. ఆ రోజులలో పెన్షను పుచ్చుకోవాలంటే ఖజానాకు పోయి, కాగితం చూపి, తాను బ్రతికి ఉన్నట్లు రుజువు చేసుకోవాలి. మన్యపు సరిహద్దుననో లంకగ్రామంలోనో కాపురముండే వృద్ధునికి పడవా బండీ మారి జిల్లా కేంద్రానికి రావడం సామాన్యమైన శ్రమ కాదు. నడచిపోయే దూరంలో ఖజానా ఉన్న ఇల్లు అతనికి నిజంగా స్వర్గమే. సముద్రపు గాలి కంటె ఖజానా కిటికీయే కాకినాడకు పెన్షనర్లను ఎక్కువగా రప్పించినదంటే అది పరిహాసం కాదు.

వారితోపాటు మరొక వర్గం వచ్చినది. డెల్టాలో మాగాణి గలవారు, కోనసీమలో కొబ్బరితోటలు గలవారు పిల్లల చదువుకొరకు కాకినాడలో కాపురం పెట్టినారు. పిఠాపురం రాజావారి కళాశాల 1884 నుండి ఉన్నది. మాధ్యమిక విద్యకు మెక్లారిన్ పాఠశాల వంటివి వెలసినవి. 1946లో ఇంజనీరింగు కళాశాల, 1958లో రంగరాయ వైద్యకళాశాల వచ్చినవి. వైద్యకళాశాలతోపాటు పెద్దాస్పత్రి పెరిగినది. ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్లు ఊళ్లో వైద్యశాలలు తెరిచినారు. యువకుల చదువుకొరకు కట్టినది వృద్ధుల ఆరోగ్యానికి ఆధారమైనది. శతాబ్దం దాటిన సరస్వతీ గానసభ వంటి సంస్థలు సంగీతాన్ని, యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు వంటి నాటకసంఘాలు రంగస్థలాన్ని పోషించినవి. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగిన పట్టణం కావడం వలన రాజకీయచర్చకు కూడ కొదువ లేకపోయినది. ఉద్యోగం మానిన వృద్ధునికి కావలసిన సమస్తం ఇట్లా సమకూడినది. వాటిలో ఏ ఒక్కటీ అతనికొరకు ఏర్పడలేదు. రేవు వర్తకులకొరకు, కచేరీ పన్నులకొరకు, కళాశాల విద్యార్థులకొరకు ఏర్పడినవి. పనిచేసే ఊరు బాగుగా ఉన్నచోటనే విశ్రాంతి కూడ బాగుగా ఉంటుందనేది కాకినాడ నేర్పే మొదటి పాఠం. వృద్ధులకొరకని ఎక్కడో ఒక కాలనీ కట్టి, గోడ పెట్టి, పచ్చిక పెంచి, దానికి స్వర్గమని బోర్డు వేలాడదీసేవారు ఈ పాఠం చదవలేదన్నమాట.

విశ్రాంతి అనే మాటకు కాకినాడ చూపిన అర్థం కూడ గమనింపదగినది. రఘుపతి వేంకటరత్నం నాయుడు 1904 నుండి 1919 వరకు పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులు. స్త్రీలను కళాశాలలో చేర్చుకొన్నారు. అంటరానివారనబడేవారి చదువుకొరకు పాటుపడినారు. 1919లో పదవి వదలిన తరువాత వారు వాలుకుర్చీకి పరిమితం కాలేదు. 1925 నుండి మూడేళ్లు మదరాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినారు. పిఠాపురం మహారాజా పోషణలో కాకినాడలో నడచిన అనాథశరణాలయానికి, బ్రహ్మసమాజానికి వారి అండ ఉన్నది. 1939లో మరణించేనాటికి వారు ఉద్యోగం మాని ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లను తీసివేస్తే వారి జీవితంలో సగం వెలుగు తగ్గుతుంది. అందరూ వేంకటరత్నం నాయుడు కాలేరు. కాని కాకినాడ వృద్ధులలో సాయంకాలం నలుగురు పిల్లలను అరుగుమీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పినవారు, గ్రంథాలయాల జమాఖర్చులు వ్రాసినవారు, ఇరుగుపొరుగువారి అర్జీలు వ్రాసిపెట్టినవారు ఎందరో ఉన్నారు. ఊరు వారికి నీడ ఇచ్చినది. వారు ఊరికి అక్షరం ఇచ్చినారు. ఆ బేరం ఉభయులకూ లాభమైనది.

రెండవ ప్రశ్న దీనికంటె కష్టమైనది. స్వర్గం వాకిలి ఎవరికి తెరిచి ఉన్నది? పేరులోనే సమాధానం ఉన్నది: పెన్షను ఉన్నవారికి. భాష తరచు నిజం చెప్పివేస్తుంది. ఉద్యోగికి ముట్టేదానిని 'పెన్షను' అనడం, పేదవానికి ముట్టేదానిని 'పింఛను' అనడం వాడుకలో తరచు వినబడుతుంది. ఒకే మాట రెండు వేషాలు వేసినది. మొదటిది హక్కు వలెను, రెండవది దయ వలెను ధ్వనిస్తుంది. 1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీంకోర్టు నకారా వ్యాజ్యంలో తీర్పు చెబుతూ, పెన్షను ప్రభుత్వం దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలమని స్పష్టం చేసినది. దేశంలోని పెన్షనర్లు ఆ తేదీని పండుగగా జరుపుకొంటున్నారు. జరుపుకోదగినదే. అయితే సేవ చేసినది కచేరీ బల్ల ముందు కూర్చున్నవారేనా? నలభై ఏళ్లు వల లాగి ఊరికి చేపలు పెట్టినవాడు, రేవులో బస్తాలు మోసి వీపు వంగినవాడు, ఉప్పాడ మగ్గం మీద జాందానీ చీర నేసి కళ్లు పోగొట్టుకొన్నవాడు చేసినది సేవ కాదా?

ఈ విషయాన్ని ప్రభుత్వం కొంతవరకు అంగీకరించినట్లే ఉన్నది. వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా 60 ఏళ్లు నిండాలి. మత్స్యకారులకు, చేనేత కార్మికులకు ఆంధ్రప్రదేశ్ లో 50 ఏళ్లకే పింఛను ఇస్తున్నారు. సముద్రం, మగ్గం మనిషిని పదేళ్లు ముందుగా ముసలివానిని చేస్తవని దీనికి అర్థం. 1995లో కేంద్రప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛనును నెలకు 75 రూపాయలతో ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్ లో వృద్ధాప్య పింఛను 2024 జూలైలో నెలకు 4,000 రూపాయలు అయినది. ఇది తక్కువ మార్పు కాదు. అయినను కాకినాడలో ఒక గది అద్దె, మందుల ఖర్చు, రెండుపూటల తిండి లెక్కవేస్తే అది స్వర్గానికి టిక్కెట్టు కాజాలదు. వీధిన పడకుండా పట్టుకొనే చెయ్యి మాత్రం అవుతుంది.

సముద్రం కూడ అందరికీ ఒకే సముద్రం కాదు. హోప్ ఐలాండు నీడన కాకినాడ నిశ్చింతగా ఉన్నది. ఆ నీడ దాటి ఉత్తరంగా ఉన్న ఉప్పాడలో సముద్రం ఏటేటా ఒడ్డును కోసివేస్తున్నది. ఇళ్లు, గుళ్లు, కొబ్బరిచెట్లు కడలిలో కలిసిపోయినవి. వాయుగుండం పట్టినప్పుడల్లా కాకినాడ–ఉప్పాడ బాట తెగుతూనే ఉన్నది. వ్యాహ్యాళికి వచ్చిన వృద్ధుడు ఏ గాలికి ప్రాణం లేచివచ్చినదని అనుకొంటాడో, అదే గాలికి ఉప్పాడ వృద్ధురాలు తన ఇంటి గోడవైపు చూసుకొంటుంది. ఇద్దరి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లు మాత్రమే. కాకినాడను వృద్ధుల నగరమని చెప్పుకొనేవారు ఆ వృద్ధురాలిని లెక్కలో చేర్చుకోవాలి.

ఈ ప్రశ్న ఉపాధ్యాయలోకాన్ని కూడ సూటిగా తాకుతున్నది. ఆంధ్రప్రదేశ్ లో ఉద్యోగ విరమణ వయస్సు 1983లో 58 నుండి 55కు తగ్గి, ఆ తరువాత మరల 58కి చేరి, 2014లో 60, 2022లో 62 అయినది. వయస్సు పెరిగినది గాని భరోసా పెరగలేదు. 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగంలో చేరినవారికి పాత పద్ధతి పెన్షను లేదు. జీతంలో కొంత తాము, కొంత ప్రభుత్వం జమకట్టగా, ఆ మొత్తం సంతలో ఎట్లా పెరిగితే అట్లా వచ్చే పద్ధతి వచ్చినది. దానిపై ఉపాధ్యాయులు చేస్తున్న ఆందోళన జగద్విదితం. ప్రయివేటు పాఠశాలలలో పనిచేసే ఉపాధ్యాయుల స్థితి ఇంకను కష్టం. వారిలో చాలమందికి విరమణ అనగా జీతం ఆగిపోవడమే. ఒకప్పుడు కాకినాడలో ఇల్లు కట్టుకోవాలని కలగన్న ప్రధానోపాధ్యాయునికీ నేడు అదే పాఠం చెబుతున్న యువోపాధ్యాయునికీ మధ్య మారినది జీతం మాత్రమే కాదు. రేపటిని గురించిన ధైర్యం మారినది. పల్లెకారుని అభద్రతను దూరంనుండి చూసి జాలిపడిన విద్యావంతుడు ఇప్పుడు ఆ వరుసలోనే వెనుకగా నిలబడినాడు. కావున వృద్ధాప్య భద్రతను ఒక్కొక్క వర్గం తనకొరకు విడిగా అడగడం కంటె, పనిచేసిన ప్రతివాని హక్కుగా అందరూ కలిసి అడగడం న్యాయం, వివేకం కూడ.

కాకినాడ సైతం మారినది. 1980ల చివరినుండి ఎరువుల కర్మాగారాలు వచ్చినవి. 1997లో లోతైన రేవు పనిచేయడం ఆరంభించి, విశాఖకు పోయిన ఓడలను కొంతవరకు వెనుకకు రప్పించినది. 2009లో కృష్ణా–గోదావరి సముద్రగర్భంలోని వాయువు గాడిమొగ తీరానికి చేరినది. 2016లో కేంద్రం స్మార్ట్ నగరాలుగా ఎన్నుకొన్న తొలి ఇరవైలో కాకినాడ ఒకటి. 2022లో తూర్పు గోదావరి జిల్లాను విభజించి కాకినాడ పేర ప్రత్యేక జిల్లా చేసినారు. అరుగుల ఇళ్లు కూలి అపార్ట్ మెంట్లు లేచినవి. భానుగుడి కూడలిలో సాయంకాలం వీధి దాటడానికి వృద్ధులకు తోడు కావలసివస్తున్నది. 'మా కాకినాడ పోయినది' అని పెద్దలు విచారించడం సహజం.

ఆ విచారంలో కొంత న్యాయం ఉన్నది. నడవడానికి చోటు లేని ఊరిని వృద్ధుల ఊరని పిలవడం మాటల గారడి. కాని కర్మాగారాలు, రేవులు రాకుంటే స్వర్గం నిలిచి ఉండేదని అనుకోవడం పొరపాటు. ఆ స్వర్గాన్ని ఖాళీ చేసినది కర్మాగారాల పొగ కాదు, పని లేకపోవడం. పెన్షనర్ల పిల్లలు చదువుకొని హైదరాబాదుకు, బెంగళూరుకు, అమెరికాకు పోయినారు. తల్లిదండ్రులు నాలుగు గదుల ఇంట్లో ఇద్దరుగా మిగిలినారు. కొన్నాళ్లకు ఒకరుగా మిగిలినారు. 2007లో వచ్చిన వృద్ధ తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లలచేత డబ్బు ఇప్పించగలదు. సాయంకాలం పక్కన కూర్చోబెట్టలేదు. యువకులకు పని దొరకని ఊళ్లో వృద్ధులకు ప్రశాంతత దొరుకుతుందేమో గాని, పలకరింపు దొరకదు.

పాత కారణాలు కూడ తొలగిపోయినవి. పెన్షను ఇప్పుడు బ్యాంకులో పడుతున్నది. 2014 నుండి వ్రేలిముద్రతో జీవనప్రమాణపత్రం ఇంటినుండే పంపవచ్చును. ఖజానా కిటికీ కోసం కాకినాడలో ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు. ఇకమీదట ఒక వృద్ధుడు ఈ ఊళ్లో ఉండాలనుకొంటే, ఈ ఊరు అతనికి ఏమి ఇస్తుందన్నదానిపైననే అది ఆధారపడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైబడినారు. వారి సంఖ్య ఇంకను పెరుగుతున్నది. వారందరికీ ఒక కాకినాడ చాలదు. ప్రతి ఊరూ కొంత కాకినాడ కావాలి.

అందుకు కావలసినవి కొండంత పనులు కావు. ఆక్రమణలు తొలగిన కాలిబాట, దానిపై నాలుగు చెట్ల నీడ, కూర్చోవడానికి బల్ల కావాలి. రక్తపోటు చూపించుకోవడానికి పెద్దాస్పత్రి వరుసలో నిలబడనక్కరలేకుండా పేటపేటకూ చిన్న వైద్యశాల కావాలి. పత్రికలు, మంచి వెలుతురు గల గ్రంథాలయం కావాలి. ఇవి గాంధీనగరంలోనే గాక జగన్నాథపురంలోను, ఉప్పాడలోను ఉండాలి. పింఛను మొత్తాన్ని ధరలతో ముడిపెట్టి, ఏ పాలకులు వచ్చినా అడగకుండానే పెరిగే విధం చేయాలి. అడగవలసి వచ్చినంతకాలం అది దయగానే ఉంటుంది.

పాఠశాలలు కూడ ఇందులో తమ వంతు చేయగలవు. విరమించిన ఉపాధ్యాయుడు వారానికి రెండు గంటలు బడికి వచ్చి, వెనుకబడిన పిల్లల చేత చదివించడానికి ఏ ప్రణాళికా నిధులూ అక్కరలేదు. ప్రధానోపాధ్యాయుని ఆహ్వానం చాలు. విద్యార్థులు తమ వీధిలోని ముసలివారి వద్దకు పోయి, వారు చేసిన పనిని గురించి అడిగి వ్రాసుకొని రావచ్చును. కాలువ పడవ నడిపినవాని మాట, రేవులో మూట మోసినవాని మాట, మగ్గం నేసినదాని మాట చరిత్రపుస్తకంలో దొరకవు. ఇంకొక పదేళ్లకు మనుషులలోను దొరకవు.

జీవితమంతా శ్రమించినవారిపై వృద్ధాప్యంలో కూడ బాధ్యతలు మోపడం భావ్యమా అని కొందరు అడగవచ్చును. ఓపిక లేనివారిని ఎవరూ బలవంతం చేయరు. వారికి సంపూర్ణమైన విశ్రాంతి న్యాయం. కాని 'ఊరు పొమ్మంటున్నది, కాడు రమ్మంటున్నది' అనే సామెతలోని దుఃఖం శరీరశ్రమది కాదు. తన అవసరం ఎవరికీ లేదని తెలిసిన మనిషి దుఃఖం అది. ఊరు పొమ్మనకుండా ఉండడమే ముసలితనానికి కావలసిన మొదటి మందు. రమ్మని పిలిచే ఒక బడి, ఒక గ్రంథాలయం ఉంటే ఆ మందు చౌకగానే దొరుకుతుంది.

కోరంగిని ముంచిన ఉప్పెన, డెల్టాను పండించిన కాలువ, దారి తప్పిన రైలు, ఖజానా కిటికీ, కళాశాల గంట—ఇన్ని కలిసి ఒక పట్టణాన్ని విశ్రాంతికి యోగ్యంగా చేసినవి. ఆ యోగ్యతను పెన్షనర్లు అనుభవించినారు. వారిలో ఉత్తములు దానికి బదులు తీర్చినారు. మిగిలిన ఋణం పట్టణానిది. ఎక్కడెక్కడినుండియో విశ్రాంతికై వచ్చినవారి సంఖ్యను చూసి కాకినాడ గర్వించినది చాలు. అక్కడే పుట్టి, అక్కడే చెమటోడ్చి, ఆ వీధులను, ఆ రేవును నిలబెట్టినవారు ముసలితనంలో అక్కడే నిశ్చింతగా కూర్చోగలిగిననాడు ఆ పాతపేరులో మొదటి మాటను తీసివేయవచ్చును.